శుక్రవారం రాత్రి ఏ దెయ్యాన్ని పిలుద్దాం?

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మాది రెండు బెడ్‌రూముల ఇల్లు. నలుగురం ఉంటాం. ఒకమ్మాయిది పలాస, ఒకమ్మాయిది తెనాలి, ఇంకొకామెది మదనపల్లె, నాది అనంతపురం. ఆఫీసులు వేరు, షిఫ్టులు వేరు, ఒకరి కూరలో కారం ఇంకొకరికి సరిపోదు. శుక్రవారం రాత్రి మాత్రం హాల్లో పరుపులు వేసుకుని నలుగురం కలిసి ఒక సినిమా చూస్తాం. మూడేళ్ళ అలవాటు ఇది. ప్రేమకథ పెడితే ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. థ్రిల్లర్ పెడితే ఉదయం షిఫ్టు చేసొచ్చిన మనిషి నిద్రపోతుంది. ఉత్త హారర్ పెడితే పలాస అమ్మాయి దుప్పటి తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. హారర్ కామెడీ పెట్టిన రోజు మాత్రం ఎవరూ కదలరు. మంచినీళ్ళకి కూడా లేవరు.

అందుకే కొత్తగా బెంగళూరు వచ్చిన పిల్లలు "అక్కా, అందరం కూర్చుని చూడ్డానికి ఒక మంచి దెయ్యం సినిమా చెప్పవా" అని అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ఎవరెవరు చూస్తున్నారు, మీలో అందరికన్నా భయస్తులు ఎవరు అని ముందు అడుగుతాను. ఒక గుంపుకి ప్రాణం లేచొచ్చే సినిమా ఇంకో గుంపుకి తలనొప్పి అవుతుంది. ఇక్కడ రాస్తున్నది మా హాల్లోనూ, ఈ ఊరి థియేటర్లలోనూ చూసి, పోల్చుకుని, నాకు నేను తేల్చుకున్న సంగతులు.

మా ఈడువాళ్ళకి ఈ సినిమాలంటే ఎందుకింత ఇష్టమో నాకు ఒక రాత్రి అర్థమైంది. తెనాలి అమ్మాయి ప్రాజెక్ట్ అయిపోయి, కొత్త పని అప్పగించక బెంచ్ మీద ఉన్న రోజులవి. రోజూ ఇంటికి ఫోన్ చేసి "బాగున్నానమ్మా, పని ఎక్కువగా ఉంది" అనేది. ఫోన్ పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చునేది. ఆ శుక్రవారం మేం చూస్తున్న సినిమాలో గడ్డం మీసం ఉన్న మగాడొకడు తలుపు చప్పుడుకి కెవ్వున అరిచి పక్కవాడి మీదికి దూకాడు. ఈ పిల్ల ముందు ఉలిక్కిపడి నా ముంజేయి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. మరుక్షణం పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, నా చేయి ఇంకా వదలకుండానే, "అక్కా, సోమవారం హెచ్చార్ వాళ్ళు మీటింగ్ పెట్టారు. నాకు చాలా భయంగా ఉంది" అంది. రెండు వారాలు దాచుకున్న మాట అలా బయటపడింది.

ఇరవై రెండేళ్ళకి ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు భయంగా ఉందని ఎవరితో చెప్పుకుంటారు? ఇంట్లో చెబితే "వచ్చెయ్" అంటారు. ఆఫీసులో చెబితే చులకన అవుతాం. హారర్ కామెడీలో మాత్రం పెద్దవాళ్ళు, మగవాళ్ళు, బలిష్ఠులు, అందరూ నోరారా భయపడతారు. వాళ్ళు భయపడ్డం చూసి నవ్వుతున్నప్పుడు మన భయానికి కూడా నలుగురిలో కాస్త చోటు దొరుకుతుంది.

దీనికి ఒంట్లో జరిగే కారణం కూడా ఉంది. డాల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వ పరిశోధకుడు చెప్పిన సంగతి ఇది: ఒక ఉద్వేగంతో ఒంట్లో పుట్టిన వేడి ఆ కారణం పోగానే చల్లారదు, కొంతసేపు మిగిలి ఉండి తర్వాత వచ్చే ఉద్వేగానికి బలమిస్తుంది. దెయ్యం కనబడి గుండె దడదడలాడుతుండగానే జోకు పడితే, మామూలుగా చిన్న నవ్వు రావాల్సిన చోట పొట్ట పట్టుకునే నవ్వు వస్తుంది. కాబట్టి ఈ రకం సినిమాలో భయం నిజంగా భయపెట్టాలి. భయం ఉత్తుత్తిదైతే నవ్వు కూడా పలచబడుతుంది.

మన పాతవాళ్ళు దీన్ని ఇంకో వైపు నుంచి చూశారు. హాస్యం, భయానకం, కరుణ మూడూ భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లోవే. చాలాకాలం తర్వాత విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఏ రసానికి ఏది విరోధో చెబుతూ, భయానకాన్నీ కరుణనీ హాస్యానికి విరోధులుగా చూపించాడు. ఇప్పుడు మన హారర్ కామెడీ ఎలా నడుస్తుందో గుర్తుచేసుకోండి. ఇంటర్వెల్ దాకా హాస్యం పక్కన భయానకం. ఇంటర్వెల్ తర్వాత దెయ్యం ఎందుకు దెయ్యమైందో చెప్పే ఫ్లాష్‌బ్యాక్, అంటే కరుణ. ఆ ఇద్దరు విరోధులూ వరసగా వస్తారన్నమాట. అందుకే సగం సినిమాలు రెండో సగంలో చతికిలబడతాయి. నేను సినిమా ఎంచుకునేటప్పుడు చూసేది ఈ రెండే. దెయ్యం నిజంగా వచ్చినప్పుడు నవ్వు నిలబడుతుందా? ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక మళ్ళీ లేస్తుందా?

మొదట మా లాంటి రూముల్లో ఉండేవాళ్ళ సంగతి. నా లెక్కలో వాళ్ళకి పోటీ రెండు సినిమాల మధ్యే: 2023 ఫిబ్రవరిలో వచ్చిన మలయాళం 'రోమాంచం', 2017 ఆగస్టులో వచ్చిన మన 'ఆనందో బ్రహ్మ'.

రోమాంచం కథ జరిగేది బెంగళూరులోనే, 2007లో. ఒక అద్దె ఇంట్లో ఏడుగురు మలయాళీ కుర్రాళ్ళు. సరైన పనుల్లేవు, డబ్బుల్లేవు, ఉన్నదల్లా ఖాళీ సమయం. ఓయిజా బోర్డు పెట్టి ఆత్మను పిలుస్తారు. అనామిక అనే పేరు వస్తుంది. అంతే. దెయ్యాన్ని చూపించి బెదిరించడం చాలా తక్కువ. మనల్ని భయపెట్టేది ఆ ఇల్లు. ఆ ఇల్లు మాకు తెలుసు. సున్నం పెచ్చులూడిన గోడ, తీగ మీద ఎప్పటికీ ఆరని బట్టలు, ఎవరి వంతు వంటో తేలని వంటగది, అర్ధరాత్రి ఎవరు తలుపు తీశారో తెలియని నడవా. జీతూ మాధవన్‌కి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. మేం సబ్‌టైటిల్స్ పెట్టుకుని మలయాళంలోనే చూశాం. కాసేపటికి సబ్‌టైటిల్స్ చదువుతున్నామన్న సంగతే మర్చిపోయాం. సుషిన్ శ్యామ్ సంగీతం కొన్ని చోట్ల మనకన్నా ముందే భయపడుతుంది, కొన్ని చోట్ల మనకన్నా ముందే నవ్వుతుంది.

నేను పెట్టిన రెండు పరీక్షల్లో రెండోదాని అవసరమే ఈ సినిమాకి రాలేదు. కూర్చోబెట్టి ఏడిపించే పొడవాటి ఫ్లాష్‌బ్యాక్ లేదు కాబట్టి నవ్వు ఎక్కడా ఆగదు. దానికి మూల్యం కూడా ఉంది. సినిమా అయ్యాక "ఇంతకీ అనామిక ఎవరు?" అని మదనపల్లె ఆమె అరగంట వాదించింది. ముడి విప్పి చేతిలో పెట్టాల్సిందే అనుకునేవాళ్ళకి ఇది అసంతృప్తిగా ఉంటుంది. నాకైతే ఆ వాదన సినిమాలో భాగంలాగే అనిపించింది.

ఆనందో బ్రహ్మ దారి వేరు. దర్శకుడు మహి వి రాఘవ్ దెయ్యం కథనే తిరగేసి ఆలోచించాడు. ఇందులో భయపడాల్సి వచ్చేది దెయ్యాలు. దెయ్యాలున్నాయని పేరుపడిన ఇంట్లో, డబ్బు అవసరంతో నలుగురు మగవాళ్ళు కొన్ని రాత్రులు ఉండటానికి ఒప్పుకుంటారు. వాళ్ళని బెదరగొట్టాలని దెయ్యాలు నానా తంటాలూ పడతాయి. ఆ నలుగురిలో ఒకడికి రేచీకటి, ఒకడు తాగుబోతు. కనబడనివాడిని ఎలా భయపెట్టాలి? ఒకరి లోపం మీద నవ్వించడం నాకు సాధారణంగా నచ్చదు. ఇక్కడా మొదట మనసు కాస్త ముడుచుకుంది. చూస్తూ ఉంటే నవ్వు ఆ మనిషి మీద పడటం లేదని తెలిసింది. భయపెట్టలేక ఓడిపోతున్న దెయ్యం మీద పడుతోంది. తాప్సీ, వెన్నెల కిశోర్, శ్రీనివాస్ రెడ్డి, షకలక శంకర్, తాగుబోతు రమేశ్, అందరూ ఉన్నా ఎవరూ ఇంకొకరి జోకు మీద కాలు వెయ్యరు.

రెండింటిలో ఏది? మీరందరూ రూమ్మేట్స్ అయితే, ఒకే ఇంటి అద్దె పంచుకునేవాళ్ళయితే, రోమాంచం. బెంగళూరులో కొత్తగా దిగి ఇంకా ఊరు అలవాటు పడనివాళ్ళకైతే మరీ. గుంపులో సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్ళు ఉన్నా, సినిమా మధ్యలో లేచి అన్నం వడ్డించుకునే ఇల్లయినా, నిజంగా భయస్తులు ఉన్నా ఆనందో బ్రహ్మ. పలాస అమ్మాయి చివరిదాకా కూర్చున్న మొదటి దెయ్యం సినిమా అదే. దెయ్యమే భయపడుతుంటే తనకి ధైర్యం వచ్చిందట.

ఇంటి నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఎంపిక మారుతుంది. గతేడాది మా అమ్మ వచ్చి పది రోజులు ఉంది. అమ్మ కోసం రెండు సినిమాలు పక్కన పెట్టుకున్నాను: హిందీ 'స్త్రీ', తెలుగు 'శుభం'.

స్త్రీ 2018లో వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని చందేరీ అనే పాత ఊళ్ళో, పండగ రోజుల్లో ఒక ఆడ దెయ్యం రాత్రిపూట మగవాళ్ళని ఎత్తుకుపోతుంటుంది. బట్టలు మాత్రం మిగులుతాయి. ఇళ్ళ గోడల మీద "ఓ స్త్రీ, రేపు రా" అని హిందీలో రాసి ఉంటుంది. ఆ గోడ తెర మీద కనబడగానే అమ్మ గబుక్కున లేచి కూర్చుంది. "ఇది మన ఊళ్ళో కూడా రాశారే! నువ్వు చంకలో ఉన్నావు అప్పుడు. మీ నాయన బొగ్గుతో తలుపు మీద రాసినాడు" అంది. సరిగ్గా అప్పుడే మా ఓనర్ ఆంటీ కరివేపాకు ఇవ్వడానికి కిందికి వచ్చారు. ఆవిడది ఈ ఊరే. తెరవైపు చూసి, "నమ్మ కడే 'నాళె బా' అంత బరీతిద్దరు" అన్నారు. మా వైపు 'నాళె బా', అంటే రేపు రా, అని రాసేవాళ్ళని. తెలిసినవాళ్ళ గొంతుతో దెయ్యం పిలుస్తుందని, తలుపు తీస్తే ప్రాణం పోతుందని, "రేపు రా" అని రాసి ఉంటే చదువుకుని వెనక్కి పోతుందని, ఇద్దరూ రెండు భాషల్లో ఒకే కథ చెప్పుకున్నారు. సినిమా ఆపేసి మేం వాళ్ళనే విన్నాం. ఓనర్ ఆంటీ చేతిలో కరివేపాకు రెబ్బ అలాగే ఉంది, ఒక్కో ఆకూ తుంచుతూ చెబుతున్నారు.

ఆ కథని సినిమాగా రాసిన రాజ్, డీకే ఇద్దరూ తెలుగువాళ్ళే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుకున్నవాళ్ళు. అమర్ కౌశిక్ దర్శకత్వం చేశాడు. ఇందులో భయం బలమైనది. చీకటి గల్లీలు, వెనక నుంచి పేరు పెట్టి పిలిచే గొంతు. హాస్యం మాటల్లో ఉంటుంది. పంకజ్ త్రిపాఠీ ఏ మాటన్నా ఎంతో గంభీరంగా అంటాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. రాత్రి ఒంటరిగా బయటికి వెళ్ళడానికి ఈ ఊళ్ళో మగవాళ్ళు భయపడతారు, "జాగ్రత్తగా వెళ్ళు, తలుపు వేసుకో" అని ఆడవాళ్ళు చెబుతారు. సెకండ్ షిఫ్టు అయ్యాక క్యాబ్ దిగి, వీధి మలుపు నుంచి గేటు దాకా తాళంచెవి వేళ్ళ మధ్య పట్టుకుని నడిచే అమ్మాయిలకి ఆ సీన్లు ఎలా తగులుతాయో వేరే చెప్పక్కర్లేదు. మా నలుగురం అక్కడ నవ్విన నవ్వు ఇంకే సినిమాకీ నవ్వలేదు. ఫ్లాష్‌బ్యాక్ కూడా కొద్ది మాటల్లో చెప్పి వదిలేస్తుంది, కాబట్టి కరుణ వచ్చి హాస్యాన్ని మింగదు. ఇబ్బందల్లా హిందీ. ఆ ప్రాంతపు యాసలో మాటలు వేగంగా పోతాయి, అమ్మకి సగం అందలేదు. తర్వాతి భాగం 2024 ఆగస్టు 15న వచ్చింది. హంగామా పెరిగింది. నా ఓటు మొదటిదానికే.

శుభం 2025 మే 9న వచ్చింది. సమంత నిర్మాతగా తీసింది, దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. భీమునిపట్నంలో, కేబుల్ టీవీ కాలంలో జరుగుతుంది. రాత్రి తొమ్మిదింటి సీరియల్ వేళకి పెళ్ళాలు ఒక్కసారిగా మారిపోతారు. టీవీ ముందు కూర్చుని కళ్ళార్పరు, అడ్డొచ్చిన మొగుడి పని అయిపోతుంది. భార్య అంటే చెప్పిన మాట వినాలి అనుకునే మొగుళ్ళకి ఆ తొమ్మిదింటి వేళ ఎంత పొడుగో చూడాలి. భయం తక్కువ, నవ్వు ఎక్కువ, భాష మనది, ఇల్లు మనది. అమ్మ దీన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది. సగంలో నాన్నకి ఫోన్ చేసి "నువ్వు కూడా చూడు" అని కూడా చెప్పింది. నెమ్మదిగా నడుస్తుందనేవాళ్ళు ఉన్నారు, అది నిజమే. మొదటి అరగంట ఓపిక పట్టాలి. ఇంటివాళ్ళతో అయితే శుభం, ఆఫీసు స్నేహితురాళ్ళతో అయితే స్త్రీ. ఇందులో నాకు అనుమానమేమీ లేదు.

గోలగోలగా, అరిచి, చప్పట్లు కొట్టి చూడాలనిపిస్తే రాఘవ లారెన్స్ 'కాంచన' ఉంది, 2011 నాటిది. చీకటి పడితే తల్లి వెంట లేకుండా కదలని హీరో, ఆ తల్లిగా కోవై సరళ. వాళ్ళిద్దరి మధ్య వచ్చే సీన్లు ఇప్పటికీ నిలబడతాయి. కానీ రెండో సగంలో శరత్‌కుమార్ వేసిన ట్రాన్స్‌జెండర్ మహిళ కథ మొదలయ్యాక నవ్వు పూర్తిగా ఆగిపోతుంది. ఇక్కడ ఆగడమే న్యాయం. ఆ మనిషికి జరిగిన అన్యాయాన్ని అంత పెద్ద కమర్షియల్ సినిమా నడిమధ్యలో పెట్టడం నాకు గౌరవంగా అనిపిస్తుంది. రక్తం, నరుకుడు బాగానే ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలుంటే వద్దు. ఇంకో మాట, సౌండ్ చాలా ఎక్కువ. మేం పెట్టిన రోజు పైనుంచి ఓనర్ ఆంటీ ఫోన్ చేసి "స్వల్ప సౌండ్ కమ్మి మాడ్రమ్మా", కొంచెం సౌండ్ తగ్గించండమ్మా అని రెండుసార్లు చెప్పారు.

'ప్రేమకథా చిత్రమ్' గురించి జాగ్రత్తగా చెప్పాలి. 2013లో తెలుగులో ఈ హారర్ కామెడీల వరసకి ఊపు తెచ్చింది అదే. మారుతి ఆలోచన, సప్తగిరి కామెడీ, ఫామ్‌హౌస్‌లో దెయ్యం, అన్నీ సరదాగానే ఉంటాయి. అయితే వాళ్ళు ఆ ఫామ్‌హౌస్‌కి వెళ్ళేది చనిపోవాలని. దాన్ని తేలిగ్గా నడిపేశారు. మీ రూములో ఎవరైనా ఈమధ్య దిగులుగా ఉంటే, తిండి సరిగ్గా తినకుండా మాట తగ్గించి ఉంటే, ఆ వారం ఇది పెట్టకండి. వేరేది పెట్టి, ఆ మనిషి పక్కన కూర్చోండి.

రాయలసీమవాళ్ళు ఎక్కువమంది ఉన్న రూమైతే 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి' సరదాగా గడుస్తుంది. ఫ్యాక్షన్ కత్తుల మధ్యకి జాంబీలు రావడమనే ఊహే సగం నవ్వు. 'ఓం భీమ్ బుష్' ముగ్గురు మగ స్నేహితుల అల్లరి. కొన్ని జోకులు పెద్దవాళ్ళ ముందు వినలేం, రూమ్మేట్స్ మధ్య ఫర్వాలేదు.

ఇవన్నీ ఇంట్లో చూసేవి. ఈ రకం సినిమాకి అసలు చోటు థియేటర్. నవ్వు అంటుకుంటుంది, భయం అంతకన్నా వేగంగా అంటుకుంటుంది. 2025 జులైలో కన్నడలో 'సు ఫ్రమ్ సో' వచ్చినప్పుడు ఆఫీసు కన్నడ స్నేహితులు బలవంతంగా లాక్కెళ్ళారు. కరావళి, అంటే కర్ణాటక సముద్రతీరం వైపు ఒక చిన్న ఊరు. ఒక కుర్రాడికి దెయ్యం పట్టిందని ఊరంతా నమ్ముతుంది. సోమేశ్వర నుంచి వచ్చిన సులోచన అట ఆ దెయ్యం. జేపీ తుమినాడు తీసిన మొదటి సినిమా, పెద్ద హీరో ఎవరూ లేరు. నాకు వచ్చిన కన్నడ కూరగాయల బండి దగ్గర సరిపోయేంతే. అయినా హాలంతా ఒక్కసారిగా ఊగిపోతుంటే నేనూ ఊగిపోయాను. నా వెనక వరసలో ఒక పెద్దాయన ప్రతి జోకుకీ తొడ చరుచుకుంటూ "అయ్యో దేవరే" అంటున్నాడు. ఆయన నవ్వుకే నేను సగం నవ్వాను. తర్వాత తెలుగులో కూడా డబ్బింగ్ చేశారు. అదే సినిమాని మళ్ళీ ఇంట్లో లాప్‌టాప్‌లో చూస్తే బాగానే ఉంది, కానీ ఆ పెద్దాయన లేడు.

అందుకే కొత్తగా విడుదలైన హారర్ కామెడీ మీద ఏమాత్రం ఆసక్తి ఉన్నా ఓటీటీ కోసం ఆగకండి. మొదటి వారాంతంలో, నిండిన హాల్లో చూడండి. తెలుగు సినిమాకి మడివాళ సంధ్య లాంటి సింగిల్ స్క్రీన్‌లో వచ్చే సందడి మాల్లో రాదు. వెళ్ళేముందు తిరుగు ప్రయాణం చూసుకోండి. సెకండ్ షో వదిలేసరికి మెట్రో ఉండదు. ఆ వేళకి ఆటోవాళ్ళు మీటరు మాట ఎత్తనివ్వరు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలే అయితే ఫస్ట్ షోకే వెళ్ళమంటాను. సెన్సార్ సర్టిఫికెట్ కూడా ఒకసారి చూడండి. 2024 చివరి నుంచి యూఏ అనే ఒక్క మాట కాకుండా 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు. 16+ ఉంటే రక్తమో, మాటలో, ఏదో ఒకటి గట్టిగానే ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. చెల్లెలో తమ్ముడో సెలవులకి వచ్చి ఉంటే ఇది పనికొస్తుంది.

ట్రైలర్ చూసి నిర్ణయించుకునేవాళ్ళకి ఒక గుర్తు చెబుతాను. ట్రైలర్‌లో నవ్వు ఎవరి మీద వస్తోందో చూడండి. భయపడుతున్నవాడి భయం మీద వస్తే ఆ సినిమాకి వెళ్ళొచ్చు. లావుగా ఉన్నవాళ్ళ మీద, నల్లగా ఉన్న అమ్మాయి మీద, నత్తి ఉన్నవాడి మీద వస్తుంటే నేను వెళ్ళను. దెయ్యం మేకప్ తీసేశాక "ఇంతకన్నా ముందే బాగుంది" అనే జోకు ఇప్పటికీ రాస్తున్నారు. ఆ జోకు వచ్చినప్పుడు పక్కన కూర్చున్న అమ్మాయి ఎలా ముడుచుకుపోతుందో నేను చూశాను. భయం పంచుకోవడానికి వచ్చిన చోట మనిషిని ఒంటరిని చేసే నవ్వు ఎందుకు?

ఇద్దరే చూసేదైతే, ప్రేమికులైనా కొత్తగా పెళ్ళైనవాళ్ళైనా, నా సలహా కొంచెం వేరు. ఇద్దరి మధ్య నవ్వు త్వరగా ఆగిపోతుంది, భయమే ఎక్కువసేపు మిగులుతుంది. అలాంటప్పుడు జోకుల మీద నడిచేదాని కన్నా కథ మీద నడిచేది మేలు. 'చంద్రముఖి' కుటుంబం ఇందుకు బాగుంటుంది. 1993లో మలయాళంలో 'మణిచిత్రతాళు'గా మొదలై, 2004లో కన్నడలో 'ఆప్తమిత్ర' అయి, 2005లో తమిళంలో 'చంద్రముఖి' అయింది. కన్నడ, తమిళ సినిమాలు రెండూ పి. వాసు తీసినవే. నిజానికి ఇందులో దెయ్యం ఉందా, మనసు జబ్బా అన్నదే కథ. మనకి ముచ్చట గొలిపే సంగతి ఇంకొకటుంది. కన్నడంలోనూ తమిళంలోనూ ఆ రాజనర్తకి తెలుగు మనిషి. సినిమా అంతా వేరే భాషలో నడిచి, ఆమె పూనినప్పుడు పాట మాత్రం తెలుగులో వస్తుంది. తమిళంలో జ్యోతిక చేసిన పాత్రని ఆప్తమిత్రలో సౌందర్య చేసింది. కోలారు జిల్లా ముళబాగిలు అమ్మాయి. 2004 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళోనే జక్కూరు దగ్గర విమాన ప్రమాదంలో పోయింది. ఆ ఆగస్టులో సినిమా విడుదలైంది. ఆమె కళ్ళు అంత పెద్దవి చేసి తెర మీద నిలబడితే ఇప్పటికీ నాకు రెండు రకాలుగా గుండె పట్టేస్తుంది.

రెండు చిన్న పనులు మాత్రం ఏ సినిమాకైనా చేస్తాం. హాల్లో లైటు ఆర్పినా వంటగదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది, పలాస అమ్మాయి కోసం. స్పీకర్ నేల మీద పెట్టం, స్టూలు మీద పెట్టి కింద తువ్వాలు మడిచి వేస్తాం. కింద పెడితే దెయ్యం అడుగుల చప్పుడు గోడల్లోంచి మొదటి అంతస్తుకి పోతుంది.

రేపు శుక్రవారం ఓనర్ ఆంటీ కూడా మా హాల్లోకి వస్తానన్నారు. ఆప్తమిత్ర పెడుతున్నాం. చిత్రాన్నం ఆవిడ తెస్తారు, పులిహోర మేం కలుపుతున్నాం. మాటలన్నీ ఆవిడ మాకు చెబుతారట. తెలుగు పాట వచ్చినప్పుడు దాని అర్థం మేం చెప్పాలట.